పల్నాటి కట్టుబట్ట, రాజ్యముద్ర

నాగార్జునసాగర జలాశయమున మునిగిపోకముందు, మాచర్లకు చేరువనున్న కృష్ణాలోయలో పురావస్తుశాఖవారు త్రవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిల్పములలో, రాజప్రాసాదపు తావున దొరకిన స్తంభశిల్పమొకటి కలదు. అందు శకభటుడొకడు నిడుచేతుల అంగీయు, కాళ్ళకు షరాయియు, తలపై కొనదేరిన టోపియు ధరించి, ఈటె చేతబట్టి నిలిచియున్నాడు. అదే లోయలోని ఇతర ఫలకములయందలి రాజులును, దాతలును, పరిచారికలును నడుమునకు చుట్టిన వలువతోడను, దానిపై బిగించిన పటకాతోడను కనబడుదురు. మొలకు పైభాగమున వారిలో పెక్కుమందికి ఆభరణములు తప్ప వేఱు ఆచ్ఛాదనము లేదు. కుట్టిన బట్ట తురుష్కులతో వచ్చెననియు, అంతకుముందు ఈ దేశమంతయు ఒకే తీరున బట్ట కట్టెననియు మనలో పలువురు నమ్ముచున్న మాటకు, క్రీ.శ. 3వ శతాబ్ది ప్రాంతపు ఈ పల్నాటి సున్నపురాయియే ప్రత్యుత్తరము. ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని కాలమున ఆ రాజ్యమున ఉజ్జయినీ మహారాజు కూతురు రుద్రధర భట్టారిక రాణిగా ఉండెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. ఉజ్జయిని నేలిన శకులైన పశ్చిమ క్షత్రపులతోడి వియ్యముతోపాటు వారి వేషమును కృష్ణాతీరమునకు వచ్చియుండుట వింత కాదు.

రాజ్యాధికారము వేషమును శాసించుటయు నూతనము కాదు. పల్నాటి వీరచరిత్రకర్తగా ప్రసిద్ధుడైన శ్రీనాథుడు, కొండవీటి ఆస్థానమున విద్యాధికారియై ఎంతటి మన్నన నందినవాడైనను, కర్ణాట ప్రభువు కొలువున తలకు కుళ్ళాయియు మేనికి కూర్పాసమును తగిలించుకొనవలసి వచ్చిన కష్టమును ఒక చాటువులో మొఱపెట్టుకొనెను. ఆ కుళ్ళాయియు, కబాయి యను నిడుపాటి అంగీయు పశ్చిమాసియా కొలువుకూటముల మర్యాదను అనుసరించి విజయనగరమునకు వచ్చినవి; వానిని తొడిగిన రాజులు తమ ధర్మమునకు లోపము వచ్చెనని తలచినవారు కారు. అయితే ఆ నాటి రాజశాసనము సభామంటపపు గడపవఱకే సాగెను. గురజాల చేలలో జొన్న కోయు కాపునకు గోచియు, గొంగడియు, తలగుడ్డయు ఎట్లుండెనో అట్లే యుండెను. ఆంగ్లేయ ప్రభుత్వము ఆ గడప దాటినది. మగ్గమును, చేనును, బడిని, కచేరీని, చెఱసాలను అది ఇంచుమించు ఏకకాలమున చేరి, ఎవరేమి కట్టుచున్నారో వ్రాసిపెట్టి, ఏది ఎవరికి తగునో నిర్ణయించినది. మనము నేడు సంప్రదాయ వేషమని పిలుచుకొనుచున్నదానిలో అధికభాగము ఆ నిర్ణయములకు లోబడియో, వానిని ధిక్కరించియో ఏర్పడినదే కాని, పూర్వులు మూటగట్టి మన చేతికిచ్చిన నిక్షేపము కాదు.

ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున దిగునాటికి అచ్చటి అద్దకపు వస్త్రములు పారసీక దేశమువఱకు పోవుచుండెను. అవి ఐరోపా గృహములలో ప్రవేశించిన పిదప, వాని మోజుచేత తమ ఉన్ని, పట్టు నేతగాండ్రు నశించిపోవుదురని భయపడి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను నిషేధశాసనములు చేసినవి. మన బట్టను మాన్పుటకై తమ ప్రజల వేషమునకు తామే చట్టముతో హద్దు గీచికొనవలసివచ్చిన ఆ దేశములు, నూఱేండ్లు గడువకముందే తమ యంత్రవస్త్రమును మనకు కట్టబెట్టినవి.

ఆ వర్తకమార్గమున మఱియొక విశేషము జరిగెను. చీరాల మొదలగు కోస్తా గ్రామములలో నేసిన గళ్ళ రుమాళ్ళు మదరాసు రుమాళ్ళను పేర ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికాకును, కరిబియను దీవులకును పోయినవి. నైజీరియా నదీముఖమున వసించు కలబారి జాతివారు ఆ గళ్ళబట్టలోని పోగులను కొన్నింటిని వాడి కత్తితో తెగగోసి, లాగివేసి, మిగిలినదానిలో తమదైన క్రొత్త చిత్రణమును కల్పించి, పండుగలకును మరణోత్సవములకును దానినే కులగౌరవముగా ధరించుచున్నారు. సెయింట్ లూసియా, డొమినికా దీవులలో బానిసల సంతతివారైన స్త్రీలు తలకు చుట్టుకొనిన అదే గళ్ళబట్ట నేడు ఆ దేశముల జాతీయవేషమున భాగమైనది. ఆ స్త్రీల పూర్వులను ఓడలలో కట్టి తెచ్చిన వ్యాపారమే ఈ బట్టను కూడ తెచ్చినది. అయినను దానిని ధరించుటలోని గౌరవము వారు స్వయముగా సంపాదించుకొన్నది. పుట్టుక పరాయిదైనంతమాత్రమున వేషము పరాయిది కాజాలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు తోచదు.

పల్నాటికి వచ్చినది వేఱొక విధమైన అనుభవము. ఇచ్చటి నల్లరేగడిలో ప్రత్తి పండును. ఊరి స్త్రీలు రాట్నముపై వడికిన ముతక నూలును మాలపల్లెలలోని మగ్గములపై నేసి, ఆ బట్టను కాపులును కూలీలును కట్టుచుండిరి. సాలెవారు, దేవాంగులు నేసిన సన్ననిబట్ట గుఱించి గ్రంథములు వ్రాయబడినవి కాని, మాలలు నేసిన మొద్దుబట్టయే పల్లెజనులలో అధికుల మేనిపై నుండెను. 1832-33 నాటి డొక్కల కరవు గుంటూరు మండలమును శ్మశానము చేసెను. ఆ తరువాత కోలుకొన్న ఊళ్ళలోనికి మాంచెస్టరు మల్లు వచ్చి చేరెను. 1861 నుండి 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధకాలమున ప్రత్తి ధర పెరిగినప్పుడు, ఈ సీమ దూది ఓడరేవులకు తరలిపోవుట హెచ్చెను. పిదప మిల్లులకు తెల్లని పొడుగు పింజెయే కావలసియుండుటచేత, కాకినాడ ప్రత్తియను పేర విఖ్యాతమైన, స్వభావముచేతనే కావిఛాయ గల దేశవాళీ రకము క్రమముగా పొలమునుండి తొలగిపోయెను. చేనిలోని దూది రంగే మారిపోయిన పిదప పూర్వపు బట్ట యథాతథముగా నిలిచినదని ఎట్లు చెప్పగలము? మాలపల్లె మగ్గము మూలబడి, నేతగాడు పాలేరై పోవుటయే ఈ మార్పులో నాకు మిక్కిలి దుఃఖకరమైన భాగము. ఏలనన, అతడు వృత్తితోపాటు ఊరికి తానొసగిన వస్తువు వలన కలిగిన కొద్దిపాటి గౌరవమును కూడ కోల్పోయెను.

కచేరీలలో జరిగినది వేఱు. కంపెనీ ఉద్యోగులైన ఆంగ్లేయులు బహిరంగసభలలో దేశీయవేషము ధరింపరాదని 1830లో కట్టడి చేయబడెను. ఐరోపా తీరు జోళ్ళు తొడిగిన దేశీయులు అధికార సభలలో వానితోనే ప్రవేశింపవచ్చుననియు, దేశవాళీ చెప్పులు తొడిగినవారు వానిని వెలుపల విడువవలెననియు 1854లో నిర్ణయింపబడెను. మనిషి కాలిజోటిని చూచి అతని గౌరవమును తూచిన ఆ నియమములనుండియే, క్రింద పంచెయు, పైన కోటును, భుజమున ఉత్తరీయమును, తలపై పాగయు గల మిశ్రవేషము పుట్టెను. కందుకూరి వీరేశలింగముగారి తరమువారి చిత్రపటములను చూచి ఇదియే అచ్చమైన తెలుగు పెద్దమనిషి వేషమని మనము మురిసిపోవుచున్నాము. అది వంద, నూటయేబది యేండ్ల నాటి కచేరీ మర్యాదకును మన ఇంటి ఆచారమునకును కుదిరిన రాజీ. అప్పటికే ప్రభుత్వము ప్రజలను కులములవారీగా, వేషములవారీగా ఛాయాచిత్రములు తీయించి గ్రంథస్థము చేయుచుండెను. 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టన్ దొర గ్రంథము ఈ పనికి దక్షిణదేశమున పరాకాష్ఠ. కాలమునుబట్టి, కలిమినిబట్టి మారుచుండిన కట్టు ఆ పుటలలో కులలక్షణమై గడ్డకట్టిపోయెను.

స్త్రీల విషయమున తీర్పు చెప్పుట అంత సులభము కాదు. 1842లో గుంటూరునకు వచ్చిన అమెరికా లూథరను మిషనరీ హేయర్ 1849లో గురజాలకు తరలి, పల్నాటి దళితవాడలలో బోధ చేసెను. మిషను బడులతో పాటు కుట్టుపనియు, కుట్టిన రవికయు పల్లెలకు వ్యాపించినవి. అది పరాయి మర్యాదయని నిందించువారు, తిరువాన్కూరులో నాడారు స్త్రీలు మేనిపై బట్ట కప్పుకొనుటకై పోరాడి, 1859లో రాజప్రకటన సంపాదించుకొనవలసివచ్చెనని మఱవరాదు. తమ ఊరి పెద్దలు నిరాకరించిన మానమును కుట్టిన రవికయందు చూచుకొనిన స్త్రీకి, ఆ రవిక ఎవరి నౌకలో వచ్చెనను ప్రశ్న అనవసరము. ఆ కాలముననే వంగదేశమున జ్ఞానదానందినీ దేవి, భర్త ఉద్యోగము నిమిత్తము బొంబాయిలో నివసించినప్పుడు, పార్సీ స్త్రీల కట్టును చూచి, రవికతోడను లోపావడతోడను కూడిన క్రొత్త కట్టును చదువుకొన్న కుటుంబములలో ప్రచారము చేసెను. 1894లో స్థాపింపబడిన రవివర్మ ముద్రణాలయము లక్ష్మీ సరస్వతులకు అట్టి నిండు చీరయు రవికయు తొడిగి పూజామందిరములకు పంపెను. కుచ్చెళ్ళు ముందుకు, పైట ఎడమభుజముపైకి వచ్చు ఈ కట్టు ఆంధ్రదేశముదేయని కొందఱు వాదింతురు. అది నిజమైనను కావచ్చును. కాని చీర కట్టు తీరులు దేశమున ఎనుబదికి పైగా పరిశోధకులచే నమోదైయుండగా వానిలో నొకటి పాఠశాలకును, విమానసేవకును, రాయబారుల విందునకును ఏకైక జాతీయరూపమగుటకు అచ్చుయంత్రము, చదువు, ఉద్యోగము అను మూడును కారణములు. మడికట్టు పూజగదికి పరిమితమైనది. గోచిపోసి కట్టుకొని నాటు వేయు స్త్రీ కట్టు చీరకట్టుగా లెక్కకే రాలేదు.

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, కోటి రూప్యముల తిలక్ స్వరాజ్యనిధితో పాటు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. ఆ సభాసందర్భమున గాంధీజీకి పతాకమును సమర్పించిన పింగళి వెంకయ్యగారు కంబోడియా ప్రత్తిపై పరిశోధన చేసి పత్తి వెంకయ్యయని పేరుపొందినవాడగుట, బట్టకును జెండాకును గల బంధమును తెలుపుచున్నది. ఆ యేడు సెప్టెంబరు 22న మధురైలో గాంధీజీ అంగీని విడిచి కొల్లాయి కట్టెను. అదే యేట పల్నాడు కదలెను. అడవిలో పశువులు మేపినందుకు విధించిన పుల్లరిపై తిరుగుబాటు చేసిన రైతులు అటవీ అధికారులకు సాంఘిక బహిష్కారము విధించిరి. వారికి చాకలి, మంగలి సేవలు కూడ నిలిచిపోయెను. ఖాకీ దుస్తు చలువ చేసి ఇచ్చు చేయి లేనిచో ఆ దుస్తులోని అధికారమెంతటిదో పల్నాటి చాకలి అప్పుడు తెలియజెప్పెను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఈ ఉద్యమమున చెఱసాలకేగి, అచ్చటనే మాలపల్లి నవలను రచించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున ఈ ఉద్యమ నాయకుడైన కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరగెను.

ఆ యుద్యమమున ఖద్దరు చేసిన గొప్పపనిని ఎంత చెప్పినను తక్కువే. ముతకబట్ట కట్టుట లేమికి గుర్తుగా, సన్నని మల్లు కట్టుట మర్యాదకు గుర్తుగా నూఱేండ్లపాటు స్థిరపడిన విలువలను అది తలక్రిందులు చేసెను. వకీలును కూలివాడును ఒకే మొద్దుబట్టలో ఒకే వరుసలో కూర్చుండిరి. కాని దాని ధవళిమయందు ఒక కొఱతయు నుండెను. ముత్తైదువకు తెల్లకోక కూడదను ఇంటిలో ఆమె దేశసేవకై తెల్లకోక కట్టుట ఎంత క్లేశమో ఆ కాలపు నాయకులు కొందఱు గ్రహింపలేదు. అంచులును, అద్దకములును గల ఖద్దరు వచ్చినపిదపనే ఆ చిక్కు కొంత తీరినది. అంతకంటె పెద్ద కొఱత, ఏ మాలపల్లె మగ్గములపై ఒకప్పుడు ముతకబట్ట నేయబడెనో, ఆ పల్లెకు బట్టతోపాటు తిరిగి రావలసిన స్థానము రాకపోవుట.

స్వాతంత్ర్యానంతరము దేశము తన ప్రజలకు జాతీయవేషమును చట్టముచే విధింపలేదు. ఇది మన గణతంత్రమునకు కీర్తికరము. పొరుగున భూటాను 1989లో తన వేషనియమమును ఎల్లరకును తప్పనిసరి చేసినప్పుడు దక్షిణభాగమున నివసించు నేపాలీ భాషీయులు పడిన బాధను స్మరించినచో దాని విలువ తెలియును. అయినను చట్టము చేయని పనిని అలవాటు చేసినది. ఆంగ్లేయుల నిడుకోటునకు దేశీయపు అంగరఖాకు కలిగిన సంతానమైన షేర్వానీ హైదరాబాదు కొలువునుండియు లక్నో మేడలనుండియు ఢిల్లీ దర్బారునకు చేరి, నెహ్రూగారి దేహముపై జాతీయమయ్యెను. భాషారాష్ట్రములు ఏర్పడిన పిదప పంచెకట్టు తెలుగుతనమునకు చిహ్నమై, నాయకుల పాదయాత్రలకును ఎన్నికల గోడపత్రములకును ఎక్కెను. 2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయమున ఆవిష్కరింపబడిన తెలంగాణ తల్లి విగ్రహమునకు కిరీటము తీసివేసి ఆకుపచ్చ చీర కట్టుటపై చెలరేగిన వివాదమును చూచినను, రాష్ట్రము పుట్టినప్పుడెల్ల తల్లి చీరపై తగవు పుట్టునని తెలియుచున్నది.

పల్నాటిలో ఈ జాతీయవేష నిర్మాణమునకు వెలుపల మిగిలినవారు సుగాలీలు. బొల్లాపల్లి, దుర్గి, వెల్దుర్తి, మాచర్ల ప్రాంతముల తండాలలో నివసించు వీరి పూర్వులు ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసి, మొగలాయి దండులకును, పిదప కంపెనీ దండులకును కూడు చేర్చినవారు. రైలుమార్గములును, ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధికారమును వారి వృత్తిని హరించినపిమ్మట, అదే ప్రభుత్వము వారిలో కొన్ని వర్గములపై 1871 నాటి నేరస్థజాతుల చట్టపు ముద్ర వేసెను. మదరాసు రాజధానికి ఆ చట్టము 1911లో వ్యాపించెను. అట్టి ముద్ర పడినవారికి వేషమే ఆనవాలు. అద్దములు పొదిగి, రంగునూలుతో కుట్టి, అంచున గవ్వలును నాణెములును వ్రేలాడదీసిన ఫేటియా యను పావడ, కాంచళి యను రవిక, తలపై టుక్రీ యను ముసుగు, ఇన్నింటితో సంతకు వచ్చిన సుగాలీ స్త్రీని పోలీసువాడు దూరమునుండియే గుర్తింపగలిగెను. ఆమె మెడలోను అంచులలోను మెఱసిన రూపాయలపై ఆంగ్లప్రభువుల తలలుండుట ఆ కాలపు సంబంధమంతటిని చెప్పుచున్నది: వారి వెండి ఆమెకు ఆభరణమయ్యెను, వారి చట్టము ఆమెకు బంధమయ్యెను.

ఆ చట్టము 1952లో రద్దయినది. ఆంధ్రప్రాంతపు సుగాలీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. ఇప్పుడు గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులందును, మంత్రుల స్వాగతసభలందును సుగాలీ వేషమే ముందు వరుసలో నుండును. కాని నెలల తరబడి కుట్టవలసిన ఆ ఫేటియాకు తగిన ధర ఇచ్చువారు లేరు. నరసరావుపేట కళాశాలలో చదువు తండా పిల్ల పంజాబీ దుస్తులలో తక్కినవారితో కలిసిపోవుటయే మేలని తలచును. అట్లు తలచుట ఆమె స్వేచ్ఛ. దానిని ఎవరును తప్పుపట్టరాదు. తప్పు, వేదికపై ఆమె నాయనమ్మ వేషమును మెచ్చుకొని, వేదిక దిగిన పిదప ఆ వేషమున్న మనిషికి కుర్చీ వేయని మనది. జాతి తన వైవిధ్యమును ప్రదర్శించుకొనుటకు ఒకరి బట్టను వాడుకొనుట, ఆ బట్టలోని మనిషిని తనలో చేర్చుకొనుట రెండును ఒకటి కావు.

మన న్యాయస్థానములలో వకీళ్ళు ఇప్పటికిని ఆంగ్లేయుల నల్లకోటును, తెల్లపట్టీని ధరించుచున్నారు. రాష్ట్రమున మిక్కిలి తీవ్రమైన ఎండలకు పేరుపడిన రెంటచింతలకు చేరువన, గురజాల కోర్టులో వైశాఖమాసమున ఆ కోటు తొడుగుట ఎట్టిదో ఊహింపవచ్చును. వేసవిలో క్రింది న్యాయస్థానములలో కోటు తప్పనిసరి కాదని వకీళ్ళ మండలి నియమములే సడలింపు నిచ్చినవి. ఆ సడలింపును ఏడాది పొడవున వర్తింపజేసి, చేనేత నూలుబట్టను అంగీకరించుటకు పార్లమెంటు చట్టమును మార్చవలసిన పనియే లేదు. 2021 డిసెంబరు 30న పతాకనియమావళిని సవరించి, యంత్రముపై నేసిన పాలియెస్టరు జెండాకు అనుమతి నిచ్చిన ప్రభుత్వము, పత్తి వెంకయ్యగారి జెండాను ప్రత్తినుండి వేఱుచేయుటకు వెనుకాడలేదు. అట్టిచో ఒక కోటు విషయమున వకీళ్ళ మండలి ఇంత కాలము వెనుకాడుట ఎందులకు?

ఇక నేను అన్నింటికంటె ముఖ్యమని తలచునది చేనిలో నున్నది. పల్నాటి మిరపచేలలోను ప్రత్తిచేలలోను కూలికి పోవు స్త్రీలు చీరపై భర్తదో కొడుకుదో పాత నిడుచేతుల చొక్కా తొడుగుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని పని చేయుచున్నారు. మిరపఘాటు చేతులను మండింపకుండ, ప్రత్తికాయ ముల్లు గీరకుండ, పైరుపై చల్లిన మందు చర్మమునకు సోకకుండ, చీర కొంగు కొమ్మలకు తగులకుండ వారు తమకు తామే కల్పించుకొన్న వేషమిది. ఏ రాజును దీనిని శాసింపలేదు, ఏ ఉద్యమమును దీనిని బోధింపలేదు, ఏ ప్రదర్శనశాలయు దీనిని సంప్రదాయమని చేర్చుకొనలేదు. లక్షలాది తెలుగు స్త్రీలు నేడు నిత్యము ధరించు వేషమిదియే యైనను, వేడుకలో ఓణీకి దొరకు ఫోటో దీనికి దొరకదు. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనక్షేత్రము దశాబ్దములుగా ప్రత్తిపైనను మిరపపైనను కృషి చేయుచున్నది. ఆప్కో యను చేనేత సహకార సంస్థకు తన నూలుబట్టను కొనువారు కావలెను. ఈ ఇరువురును కూడి, పల్నాటి దూదితో నేసి, నిడుచేతులును, మెడపట్టీయు, జేబును గల పనిచొక్కా నొకదానిని ఆ స్త్రీలనే అడిగి, వారి కొలతలకే కుట్టించి, వచ్చు కోతకాలమునకు పంచియిచ్చినచో, దానికగు వ్యయము ఒక రాష్ట్రోత్సవపు వేదికాలంకరణకగు వ్యయమును మించదని నా తలంపు.